టీబీ కోర్సు ముగిశాక చిగుళ్ల నుంచి రక్తమెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం వల్ల గుండె వాల్వు పాడైంది. తొమ్మిదేళ్ల క్రితం మైట్రల్ వాల్వు తీసి లోహపు వాల్వు అమర్చారు. అప్పటి నుంచి రక్తం పలుచబడటానికి అసిట్రోమ్ 2 మి.గ్రా. రోజూ రాత్రి వేసుకుంటోంది. పోయిన ఏడాది మెడ దగ్గర గడ్డలు వస్తే పరీక్షలు చేసి టీబీ అన్నారు. ఆరు నెలల కోర్సు మొదలయ్యాక ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే పరీక్ష అంకె; పెరిగితే రక్తం మరీ పలుచనైనట్టు) పడిపోతూ వచ్చింది. గుండె డాక్టరు గారు అసిట్రోమ్ కొద్దికొద్దిగా పెంచుతూ చివరికి 6 మి.గ్రా. చేశారు. టీబీ మందులు ముగియడానికి వారం ముందు చేయించిన పరీక్షలో ఐఎన్ఆర్ 2.9 వచ్చింది, బాగుందన్నారు. కోర్సు పూర్తయి పన్నెండు రోజులైంది. ఇప్పుడు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. చేతుల మీద, తొడ మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. అన్ని మందులూ వేసుకున్నప్పుడు రాని ఇబ్బంది, మానేశాక రావడమేమిటి? టీబీ మందు ఇంకా ఒంట్లో ఉండిపోయిందా? ఆకుకూరలు బాగా పెడితే రక్తం చిక్కబడుతుందని మా పిన్ని అంటోంది, పెట్టవచ్చా? అమ్మకు ఒక పన్ను కదులుతోంది. టీబీ తగ్గాక తీయిద్దామని ఆగాం. ఇప్పుడు తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదివిన సాయంత్రమే మీకు విడిగా రాశాను. ఆ రాత్రి మాత్ర వేసే ముందే గుండె వైద్యులకు ఫోను చేయమనీ, ఐఎన్ఆర్ పరీక్ష వెంటనే చేయించమనీ చెప్పాను. మర్నాడు మీరు పంపిన రిపోర్టులో ఐఎన్ఆర్ 5.4 ఉంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవారికి దీన్ని సాధారణంగా 2.5కూ 3.5కూ మధ్య ఉంచుతారు. వైద్యులు రెండు రోజులు అసిట్రోమ్ ఆపించి, 4 మి.గ్రా.తో మళ్లీ మొదలుపెట్టించారనీ, చిగుళ్ల రక్తం ఆగిందనీ మీరు రాశాక నా మనసు కుదుటపడింది. అయితే ముప్పు ఇంకా పూర్తిగా తప్పలేదు. వచ్చే మూడు నాలుగు వారాలు మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో తెలియాలంటే మీ అమ్మగారి కాలేయంలో ఇప్పుడు ఏం జరుగుతోందో తెలియాలి.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది ఒకటి. మూత్రం ఎర్రనారింజ రంగులోకి మారేది దాని వల్లే. కోర్సులో మొదటి రెండు నెలల్లో ఇచ్చే నాలుగు మందుల్లోనూ, తర్వాతి నాలుగు నెలల్లో ఇచ్చే మూడు మందుల్లోనూ ఇది ఉంటుంది. టీబీ సూక్ష్మజీవిని చంపడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ ఇది ఇంకో పని కూడా చేస్తుంది. మనం వేసుకునే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు కాలేయంలో ఉంటాయి. రిఫాంపిసిన్ కాలేయ కణాల్లోకి వెళ్లి, ఆ ఎంజైములను మామూలు కన్నా ఎక్కువగా తయారు చేయిస్తుంది. అసిట్రోమ్‌ను విరగ్గొట్టే ఎంజైము కూడా వాటిలో ఒకటి. అందుకే కోర్సు మొదలైన వారం పది రోజుల నుంచి మీ అమ్మగారు వేసుకున్న 2 మి.గ్రా. మాత్ర చాలకుండా పోయింది. మాత్ర మింగుతున్నారు, కాలేయం దాన్ని ఎప్పటికన్నా వేగంగా ఖాళీ చేస్తోంది. మోతాదును మూడింతలు చేస్తే తప్ప ఐఎన్ఆర్ నిలవలేదు. మీ గుండె వైద్యులు చేసింది సరైన పనే. రిఫాంపిసిన్ వాడేవారికి రక్తం పలుచబడే మందు రెండు మూడింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావలసి వస్తుందని 1970ల నుంచీ వైద్యులకు తెలుసు.

ఇక టీబీ మందు ఆపిన తర్వాతి సంగతి. రిఫాంపిసిన్ ఒంట్లో ఉండిపోయిందా అని అడిగారు. లేదు. రక్తంలో దాని పరిమాణం రెండు నుంచి ఐదు గంటల్లో సగానికి పడిపోతుంది. చివరి మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో అది దాదాపు పూర్తిగా వెళ్లిపోయింది. మిగిలింది అది తయారు చేయించిన ఎంజైములు. అవి ప్రోటీన్లు, వాటికంటూ ఒక ఆయుష్షు ఉంటుంది. కొత్తవి తయారవడం తగ్గుతుంది, పాతవి రోజురోజుకూ అరిగిపోతాయి. ఆ లెక్క మామూలు స్థితికి రావడానికి రెండు వారాలు పడుతుంది, కొందరిలో నాలుగు వారాల దాకా కూడా సాగుతుంది. టీబీ మాత్రలు ఒక తేదీన ఒక్కసారిగా ఆగాయి, వాటి ప్రభావం మాత్రం వారాల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తుంది.

చెరువును తలచుకోండి. కాలువ నుంచి వచ్చే నీరు మీ అమ్మగారు వేసుకునే మాత్ర, తూము గుండా పోయే నీరు కాలేయం ఖాళీ చేసే మందు. రిఫాంపిసిన్ వచ్చి తూమును బార్లా తెరిచింది. మట్టం పడిపోకుండా వైద్యులు కాలువ నీటిని మూడింతలు వదిలారు. మట్టం సరిగ్గా నిలిచింది, 2.9 అంటే అదే. టీబీ కోర్సు ముగిశాక తూము మెల్లగా మూసుకోవడం మొదలైంది. కాలువ మాత్రం ఇంకా మూడింతలు పారుతూనే ఉంది. పన్నెండో రోజుకు నీరు గట్టు దాకా వచ్చేసింది.

అందుకే ఆ 2.9 రిపోర్టును చూసి ధైర్యంగా ఉండటానికి వీల్లేదు. దానిలో తప్పు లేదు. కానీ అది రిఫాంపిసిన్ ఉన్న రోజుల్లోని రక్తాన్ని చూసి చెప్పిన మాట. ఆ మందు ఆగాక దానికి విలువ లేదు. ఇలాంటి సందర్భాల్లో టీబీ మందు ఆపిన మూడు నాలుగు రోజుల్లోనే మొదటి ఐఎన్ఆర్ పరీక్ష జరగాలి. ఆ తర్వాత రెండు వారాల పాటు వారానికి రెండుసార్లు, ఆపైన మోతాదు స్థిరపడేదాకా వారానికోసారి చేయించాలి. టీబీ వైద్యులు 'మీకు నయమైంది, ఇక మందులు అక్కర్లేదు' అన్నారు. వారి పని వరకు అది నిజమే. గుండె వైద్యులు తర్వాతి పరీక్ష నెలకు రాశారు. వారికి కోర్సు ఏ తేదీన ముగుస్తుందో తెలియదు. నిందించడానికి ఎవరూ లేరనను. టీబీ కోర్సు ముగించే రోజున 'వేరే మందులేమైనా వాడుతున్నారా, ఈ కోర్సు కోసం వాటి మోతాదు ఎవరైనా పెంచారా' అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీ అమ్మగారికి ఈ పన్నెండు రోజుల ముప్పు వచ్చేది కాదు. ఆ ప్రశ్న అడగడం వైద్యుల బాధ్యత. రోగి గుర్తు పెట్టుకుని చెప్పాలనడం న్యాయం కాదు. అయినా జరుగుతున్నది అదే కాబట్టి కుటుంబాలకు ఇది తెలిసి ఉండాలని ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇక మీరు ఇప్పుడు చేయవలసినవి. 4 మి.గ్రా. దగ్గర కూడా కథ ఆగదు. ఎంజైములు ఇంకా తగ్గుతున్నాయి కాబట్టి ఇవాళ సరిపోయిన మోతాదు వచ్చే వారానికి ఎక్కువ కావచ్చు. చివరికి మీ అమ్మగారు పాత 2 మి.గ్రా. దగ్గరికో, దానికి కాస్త అటూ ఇటూగానో చేరే అవకాశం ఎక్కువ. 'ఎలాగూ అక్కడికే కదా' అని ఇప్పుడే మీరు సొంతంగా 2 మి.గ్రా.కు దించకండి. కాలేయం ఇంకా కొంత వేగంగానే పని చేస్తూ ఉంటే ఐఎన్ఆర్ రెండు కన్నా కిందికి పడిపోతుంది. లోహపు వాల్వు మీద రక్తం గడ్డ కట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆ గడ్డ వాల్వు కదలకుండా చేయవచ్చు, లేదా మెదడుకు వెళ్లి పక్షవాతం తేవచ్చు. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. రెండూ ప్రాణం మీదికి వచ్చేవే. అందుకే ప్రతి మార్పుకూ ముందు ఒక ఐఎన్ఆర్ రిపోర్టు ఉండాలి. మోతాదు మార్చిన ఫలితం ఐఎన్ఆర్‌లో కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రోజు తగ్గించి రేపే పరీక్ష చేయించి 'తగ్గలేదే' అని మళ్లీ మార్చడం కూడా మంచిది కాదు.

5.4 వచ్చినా, అసిట్రోమ్‌కు విరుగుడుగా పనిచేసే విటమిన్ కె ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదని మీ తమ్ముడు అడిగినట్టు రాశారు. చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం తప్ప పెద్ద రక్తస్రావం లేనప్పుడు, ఈ స్థాయిలో చాలామంది వైద్యులు మాత్ర ఆపి గమనిస్తారు. విటమిన్ కె ఎక్కువగా ఇస్తే ఐఎన్ఆర్ ఒక్కసారిగా పడిపోతుంది. తర్వాత కొన్ని రోజుల పాటు అసిట్రోమ్ ఎంత వేసినా పట్టకపోవచ్చు. వాల్వు ఉన్న మనిషికి ఆ రోజులు ప్రమాదకరం. మీ వైద్యులు ఆలోచించే చేశారు.

ఆకుకూరల గురించి పిన్నిగారి మాటలో కొంత నిజం ఉంది, అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకు వంటి వాటిలో విటమిన్ కె ఎక్కువ. అది అసిట్రోమ్ పనిని అడ్డుకుంటుంది. కానీ గుప్పెడు కూరలో అది ఎంత ఉందో, ఐఎన్ఆర్‌ను ఎంత దించుతుందో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. ఒకవైపు కాలేయం మారుతోంది, మరోవైపు వైద్యులు మోతాదు మారుస్తున్నారు. మూడో మార్పుగా భోజనాన్ని కూడా కదిపితే ఏది దేని వల్ల జరిగిందో తెలియకుండా పోతుంది. ఆకుకూరలు పూర్తిగా మాన్పించడం కూడా పొరపాటే. మీ ఇంట్లో వారానికి ఎన్నిసార్లు వండుతారో అన్నిసార్లే, అంతే కూర పెట్టండి.

ఒంటినొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఇప్పుడు అసలు వద్దు. అవి కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి. పారాసిటమాల్ ఒకటి రెండు రోజులు వాడవచ్చు. రోజుల తరబడి వాడితే దానితోనూ ఐఎన్ఆర్ పెరుగుతుంది.

మరో విషయం మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నెలలుగా మీ అమ్మగారి మూత్రం ఎర్రగా ఉండటం మీ అందరికీ అలవాటైపోయి ఉంటుంది. టీబీ మందు ఆగాక ఆ రంగు కొద్ది రోజుల్లోనే పోవాలి. ఇప్పుడు మూత్రం ఎర్రగా కనిపిస్తే అది మందు రంగు అనుకుని ఊరుకోకండి, రక్తమేనేమో చూపించండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ఎప్పుడూ లేని తీవ్రమైన తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పినా, కింద పడి తలకు దెబ్బ తగిలినా పరీక్ష కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అసిట్రోమ్ వాడుతున్నారనీ, లోహపు వాల్వు ఉందనీ లోపలికి అడుగుపెట్టగానే చెప్పండి.

మీ ఉత్తరం ఇక్కడ అచ్చువేయడానికి ఇంకో కారణం ఉంది. మన రాష్ట్రాల్లో టీబీ కోర్సు వాడుతున్న వారిలో చాలామంది షుగర్‌కో, బీపీకో, మూర్ఛకో వేరే మందు కూడా వాడుతుంటారు. రిఫాంపిసిన్ ఒక్క అసిట్రోమ్‌నే కాదు, చాలా మందులను ఇలాగే వేగంగా ఖాళీ చేయిస్తుంది. గ్లిమిపిరైడ్ వంటి షుగర్ మాత్రలు కోర్సు రోజుల్లో చాలక మోతాదు పెంచి ఉంటే, కోర్సు ముగిసిన రెండు మూడు వారాల్లో షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టవచ్చు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఆ రోజుల్లో వేలి చుక్కతో షుగర్ తరచూ చూసుకోవాలి. ఆమ్లోడిపిన్ వంటి బీపీ మాత్ర పెంచినవారికి లేచి నిలబడగానే తల తిరగవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు వాడేవారి మోతాదు కూడా మళ్లీ చూడాలి. కిడ్నీ మార్పిడి జరిగి టాక్రోలిమస్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. వారికి రక్తంలో మందు స్థాయి పరీక్ష వెంటవెంటనే జరగాలి.

గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు ఇదే సంగతి రెండో వైపు నుంచి వర్తిస్తుంది. రిఫాంపిసిన్ ఉన్నంతకాలం ఆ మాత్రలను నమ్ముకోవడానికి లేదు. అది ఆపాక కూడా నాలుగు వారాల దాకా వేరే పద్ధతి పాటించాలి. హెచ్ఐవీకి డోలుటెగ్రావిర్ వాడేవారికి టీబీ కోర్సులో రోజుకు రెండో మాత్ర అదనంగా ఇస్తారు. కోర్సు ముగిసిన రోజే ఆ రెండో మాత్ర ఆపేయకూడదు. మరో రెండు వారాలు కొనసాగించాలి. ఎంజైములు తగ్గడానికి పట్టే సమయం తెలుసు కాబట్టే ఈ నియమం పెట్టారు. అసిట్రోమ్ వాడేవారికి కూడా ఇంత స్పష్టంగా చెప్పే రోజు రావాలని నా కోరిక.

ఇది టీబీ మందులకే పరిమితం కాదు. గుండె లయ తప్పినవారికి ఇచ్చే అమియోడరోన్ మరో రకం. అది కొవ్వులోనూ ఇతర కణజాలాల్లోనూ చేరి నిజంగానే ఒంట్లో ఉండిపోతుంది. ఆపిన తర్వాత వారాలు, నెలల పాటు మెల్లగా బయటికి వస్తుంది. అది అసిట్రోమ్ బలాన్ని పెంచుతుంది కాబట్టి వైద్యులు ముందే అసిట్రోమ్ తగ్గించి ఉంటారు. అమియోడరోన్ ఆపాక నెలలు గడిచేకొద్దీ ఐఎన్ఆర్ పడిపోతుంది. మీ అమ్మగారి విషయంలో జరిగినదానికి ఇది పూర్తిగా తిరగబడిన దారి. మొండి టీబీకి ఇచ్చే బెడాక్విలిన్ కూడా ఇలాగే చాలాకాలం ఉండిపోతుంది. దాని పరిమాణం సగం కావడానికే ఐదు నెలలకు పైగా పడుతుంది. కోర్సు ముగిసిన కొన్ని నెలల తర్వాత కూడా, గుండె లయ మీద ప్రభావం చూపే మరో మందు రాయించుకునేటప్పుడు ఆ పేరు చెప్పి తీరాలి.

బీడీ, సిగరెట్టు మానడం కూడా ఈ కోవలోకే వస్తుందని చాలామందికి తెలియదు. పొగలోని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును పెంచుతాయి. ఆయాసానికి డెరిఫిలిన్ వాడే పెద్దాయన ఆసుపత్రిలో చేరి బీడీ మానేస్తే, వారం తిరిగేసరికి అదే మోతాదు ఎక్కువై వాంతులు, గుండెదడ మొదలవవచ్చు. పొగ మానడం మంచి పనే, మానాల్సిందే. మందు మోతాదు మాత్రం ఆ సంగతి చెప్పి మళ్లీ చూపించుకోవాలి.

అందుకే దీర్ఘకాలంగా మందులు వాడే ప్రతి ఒక్కరికీ ఒక మాట. ఏదైనా ఒక మందు ఆపమని వైద్యులు చెప్పగానే అక్కడే అడగండి: 'ఇది మొదలుపెట్టినప్పుడు నా మిగతా మందుల్లో దేన్ని పెంచారు, దేన్ని తగ్గించారు? దాన్ని ఇప్పుడు ఎప్పుడు, ఎలా మార్చాలి?' ఒక నోటు పుస్తకంలో ప్రతి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాసుకోండి. మీ అమ్మగారి విషయంలో టీబీ చివరి మాత్ర తేదీ, అప్పటి అసిట్రోమ్ మోతాదు, ఆ తర్వాతి ప్రతి ఐఎన్ఆర్ ఒకే పేజీలో ఉంటే, ఏ వైద్యులు చూసినా ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటారు. చీటీలు వేర్వేరు సంచుల్లో ఉంటే ఆ నిమిషం దొరకదు.

చివరగా పన్ను సంగతి. తొందర లేదు. ఐఎన్ఆర్ వరుసగా రెండు మూడు పరీక్షల్లో ఒకే మోతాదు మీద 2.5–3.5 మధ్య నిలిచాక తీయించండి. ఆ రోజు కోసం అసిట్రోమ్ మీ అంతట మీరు ఆపకండి. ఒక పన్నుకు సాధారణంగా మందు ఆపకుండానే, అక్కడ రక్తం ఆగే జాగ్రత్తలు తీసుకుని తీస్తారు. ముందు రోజు ఐఎన్ఆర్ చేయించి ఆ రిపోర్టు పళ్ల డాక్టరుకు చూపించండి. వాల్వు ఉందని చెప్పండి. లోహపు వాల్వు ఉన్నవారికి పన్ను తీసే ముందు వాల్వుకు ఇన్‌ఫెక్షన్ సోకకుండా ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాలి. పన్ను తీశాక ఇచ్చే చీటీలో మెట్రోనిడజోల్ ఉందేమో చూడండి. పళ్ల వైద్యంలో దాన్ని తరచూ రాస్తారు, అది అసిట్రోమ్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుని ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. ఉంటే మాత్ర వేయక ముందే గుండె వైద్యులకు ఫోను చేసి అడగండి. అది తప్పనిసరై వాడితే, వాడే రోజుల్లోనూ ఆపిన తర్వాతి వారంలోనూ ఐఎన్ఆర్ చేయించండి.